పట్టాలు దక్కన్‌లో, వడ్డీ లండన్‌లో

అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఆవరణలో నోట్సు తిరగేసే గ్రూప్స్ అభ్యర్థులకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురుకాక తప్పని ప్రశ్న ఒకటుంది: వలస పాలనలో రైల్వేల ఆర్థిక లక్ష్యాలేమిటి, పర్యవసానాలేమిటి? జవాబు ఎక్కువగా రెండు గళ్లలో సాగుతుంది. ఒకవైపు మార్కెట్ల అనుసంధానం, కరవు సాయం, ఉద్యోగాలు. మరోవైపు ముడిసరుకు దోపిడీ, చేతివృత్తుల పతనం, సంపద తరలింపు. ఆగస్టు 15 దగ్గరపడితే టీవీ చర్చల్లోనూ ఇదే ప్రశ్న ‘ఇంగ్లిషువాళ్లు రైళ్లు వేయకపోతే మనకేం ఉండేది?’ అంటూ తిరిగొస్తుంది. 2015లో ఆక్స్‌ఫర్డ్ యూనియన్ వేదికపై శశి థరూర్ ప్రసంగం తర్వాత ఆ వాదన మరింత వేడెక్కింది. మార్కులకు రెండు గళ్ల జవాబు సరిపోతుందేమో గానీ విషయం తెలియడానికి సరిపోదు. కరవులో నిలిచిన ప్రాణాన్నీ, మూలనపడిన మగ్గాన్నీ ఒకే తక్కెడలో తూచలేం. రైలు వేయాలని ఎవరు నిర్ణయించారు, పెట్టుబడి మునిగితే నష్టం ఎవరి నెత్తిన పడేలా ఒప్పందం రాసుకున్నారు, వచ్చిన లాభం ఏ ఊళ్లో మళ్లీ పెట్టుబడి అయింది అని అడిగితేనే లెక్క తేలుతుంది. అలా అడగడానికి హైదరాబాద్ రైలు కంటే మంచి ఉదాహరణ దేశంలో మరొకటి లేదని నా అభిప్రాయం. 1874 నుంచి 1950 వరకు అదే గడ్డపై అవే పట్టాలు మూడు రకాల యాజమాన్యాల కింద నడిచాయి. యజమాని మారినప్పుడల్లా ఏం మారిందో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

ముందుగా నేపథ్యం. 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణాకు తొలి ప్రయాణికుల రైలు నడిచింది. నాలుగు రోజులకు గవర్నర్ జనరల్ డల్హౌసీ రైల్వేలపై తన ప్రసిద్ధ నివేదిక రాశాడు. సైన్యాన్ని వేగంగా తరలించడం, పత్తిని రేవులకు చేర్చడం, ఇంగ్లండు సరుకును దేశం లోపలి మార్కెట్లకు పంపడం అనే మూడు లక్ష్యాలూ అందులో దాపరికం లేకుండానే ఉన్నాయి. సరిగ్గా మరో నెలకు, మే 21న, అదే డల్హౌసీ హయాంలో హైదరాబాద్ కంటింజెంట్ సైన్యం ఖర్చుల పేరు చెప్పి నిజాం నుంచి బేరార్‌ను రాయించుకున్నారు. బేరార్ నల్లరేగడి నేల, పత్తికి పెట్టింది పేరు. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై లాంకషైర్ మిల్లులు దూదికి మొహం వాచిపోయిన కాలంలో గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే బేరార్ మీదుగా ముందుకు సాగి 1867లో నాగపూర్ చేరింది. అంటే హైదరాబాద్ రాజ్యానికి రైలు రాకముందే, దాని చేతి నుంచి జారిపోయిన పత్తి నేలకు రైలు వచ్చేసింది.

ఆ రైళ్లకు డబ్బు సమకూరిన పద్ధతి పేరు గ్యారంటీ. కంపెనీలు లండన్‌లో వాటాలు అమ్మేవి. పెట్టుబడిపై ఏటా 5 శాతం వడ్డీకి ఇక్కడి ప్రభుత్వం పూచీ. భూమి ఉచితం. రాబడి 5 శాతానికి చాలకపోతే ఆ లోటు ఖజానా పూడ్చాలి. ఖజానా అంటే ప్రధానంగా రైతు కట్టిన శిస్తు. రాబడి 5 శాతం మించితే మాత్రం మిగులులో కంపెనీకీ వాటా ఉంటుంది. ఇలాంటి ఏర్పాటులో పొదుపు చేయాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. మైలుకు 8,000 పౌండ్లు అవుతుందనుకున్న ఖర్చు తొలి దశలో 18,000 పౌండ్ల దాకా తడిసి మోపెడైంది. తనకు 5 శాతం ఖాయమైనప్పుడు తన డబ్బును ఇటుకలకు వాడారా, హుగ్లీ నదిలో పోశారా అన్నది ఇంగ్లిషు మదుపరికి అనవసరమని మాజీ ఆర్థిక సభ్యుడు విలియం మాసీ 1872లో పార్లమెంటు కమిటీ ఎదుట కుండబద్దలు కొట్టాడు. మనవాళ్లు అత్త సొమ్ము అల్లుడు దానం అనేది ఇలాంటిదాన్నే.

గ్యారంటీని సమర్థించేవారి వాదనను తేలిగ్గా కొట్టేయకూడదు. ఆ రోజుల్లో ఇక్కడి షావుకార్ల వడ్డీ లండన్ వడ్డీకి రెట్టింపు పైమాటే. 5 శాతానికి అంత పెద్ద మొత్తం మరెక్కడ దొరికేది అంటారు. నిజమే. కానీ వడ్డీలో కొంత భాగం నష్టభయానికి చెల్లించే ధర. నష్టభయమంతా శిస్తు కట్టేవాడే మోస్తున్నప్పుడు ఆ ధర కంపెనీకి ఎందుకు చెల్లించాలి? ప్రభుత్వం తానే నేరుగా అప్పు తెస్తే లండన్‌లో 4 శాతం చుట్టుపక్కల దొరికేది. ఈ సంగతి గ్రహించే 1869 తర్వాత కొన్నాళ్లు ప్రభుత్వం స్వయంగా లైన్లు వేసింది. 1880ల్లో బ్రిటిష్ ఇండియాలో మళ్లీ కంపెనీలను పిలిచినప్పుడు గ్యారంటీ 4 శాతం దగ్గరికీ, కొన్నిచోట్ల అంతకంటే కిందికీ దిగింది. ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే అదే దశాబ్దంలో హైదరాబాద్ చేత ఒప్పించిన అంకె వేరు.

బొంబాయి–మద్రాసు లైను 1871లో రాయచూరు దగ్గర కలిసింది. ఆ లైనులోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు సుమారు 190 కిలోమీటర్ల బ్రాడ్‌గేజ్ శాఖ వేయాలన్నది హైదరాబాద్‌లోని బ్రిటిష్ రెసిడెన్సీ పట్టు. సికింద్రాబాద్, తిరుమలగిరి కంటోన్మెంట్లలో దక్షిణాదిలోకెల్లా పెద్ద సైనిక బలగాల్లో ఒకటి ఉండేది. 1857 అనుభవం తర్వాత దాన్ని బొంబాయితో, మద్రాసుతో కలపడం బ్రిటిష్ సర్కారుకు అత్యవసరం. దివాన్ మొదటి సాలార్‌జంగ్‌కు మొదట్లో మనసొప్పలేదు. చివరికి 1870 ఒప్పందంతో ఖర్చు నిజాం ప్రభుత్వానిదీ, నిర్మాణం, నిర్వహణ బ్రిటిష్ ఇంజినీర్లదీ అయ్యాయి. 1874 అక్టోబరులో రైలు నగరానికి చేరింది. రైల్వే భూముల్లో న్యాయాధికారం సైతం బ్రిటిష్ వారి చేతికే పోయింది. డబ్బు పెట్టినవాడికి సొంత పట్టాలపై పెత్తనం లేని ఈ తొలి దశలో లైను వాణిజ్యపరంగా పెద్దగా రాణించలేదు. ఖజానాపై భారం పడింది.

ఇక అసలు కథ 1883. ఆ ఏడాది ఫిబ్రవరి 8న సాలార్‌జంగ్ హఠాత్తుగా మరణించాడు. నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇంకా మైనరు. పాలనాధికారాలు ఆయన చేతికి వచ్చింది 1884 ఫిబ్రవరిలో. మధ్యలో మిగిలిన ఏడాది కాలంలో హైదరాబాద్ రాజ్య చరిత్రలోని పెద్ద ఆర్థిక ఒప్పందాల్లో ఒకటి కుదిరింది. పట్టాలను వరంగల్ మీదుగా చాందా బొగ్గు గనుల దాకా పొడిగించడం, దానికి లండన్‌లో కంపెనీ పెట్టడం, ఆ కంపెనీకి రాజ్య ఖజానా పూచీ ఉండటం: దీనికే చాందా రైల్వే పథకమని పేరు. హైదరాబాద్ కాలేజీ ప్రిన్సిపాల్ డాక్టర్ అఘోరనాథ్ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం తదితరులు దీన్ని ప్రశ్నించారు. వారు రైలు వద్దనలేదు. ఒప్పందం ఖరారు చేసేముందు వివరాలు ప్రజల ముందు పెట్టండి, చర్చ జరగనివ్వండి అన్నారు. అందుకు దక్కిన ఫలం దేశ బహిష్కారం. 1883 మే 20న అఘోరనాథ్‌ను రాజ్యం నుంచి పంపేశారు. ఆయన సరోజినీ నాయుడి తండ్రిగానే మన పాఠ్యపుస్తకాలకు తెలుసు. దేశంలో ఒక ప్రభుత్వ ప్రాజెక్టు కాంట్రాక్టును బహిరంగపరచాలని పౌరులు చేసిన తొలి ఉద్యమాల్లో ఇదొకటి. జాతీయ కాంగ్రెస్ పుట్టడానికి రెండేళ్ల ముందు మాట ఇది. తెలంగాణ చరిత్ర పేపర్లో ఈ ఉద్యమానికి ఒక వాక్యం దక్కితే గొప్ప. దానికి ఒక అధ్యాయం ఇవ్వాలి.

ఆ డిసెంబరులో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే ఒప్పందంపై సంతకాలయ్యాయి. పెట్టుబడిపై 20 ఏళ్లపాటు 5 శాతం గ్యారంటీ. 1885 జనవరి నుంచి రాజ్యం డబ్బుతో వేసిన పాత లైను కూడా కంపెనీ చేతికి వెళ్లింది. 1886లో వరంగల్, 1888లో ఇల్లెందు, 1889లో బెజవాడ వరకు పట్టాలు పడ్డాయి. ఇక్కడ పైకి కనిపించని భారం ఇంకోటుంది. పెట్టుబడి పౌండ్లలో, వడ్డీ పౌండ్లలో. శిస్తు మాత్రం వెండి రూపాయల్లో. 1870ల మొదట్లో రూపాయి విలువ సుమారు 2 షిల్లింగులు. ప్రపంచ మార్కెట్లో వెండి ధర పడిపోతూ వచ్చి, 1890ల చివర రూపాయిని షిల్లింగు 4 పెన్సుల దగ్గర నిలబెట్టారు. మొదట 10 రూపాయలతో తీరే పౌండు బాకీకి ఇప్పుడు 15 రూపాయలు కావాలి. మెదక్ రైతు చేసిన తప్పేమీ లేకుండానే అతడి నెత్తిన పడే భారం సగం పెరిగినట్టు. విదేశీ కరెన్సీలో అప్పు తెచ్చే ప్రతి రాష్ట్ర ప్రభుత్వం ఈ లెక్క చూసుకోవాలి.

ఇల్లెందు బొగ్గు కథ ఈ రైలుకు తోబుట్టువు. అక్కడి నిక్షేపాలను 1870ల మొదట్లో భూగర్భ సర్వే విభాగానికి చెందిన విలియం కింగ్ గుర్తించాడు. 1886లో గనుల రాయితీ పొందిన వాట్సన్, స్టివార్ట్ అనే ఇద్దరు లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ స్థాపించి, 10 లక్షల పౌండ్ల మూలధనంలో సింహభాగాన్ని తమ పేర కేటాయించుకున్నారు. ఆ వాటాల్లో కొన్నింటిని అధిక ధరకు నిజాం ప్రభుత్వానికే అమ్మారు. అంటే తన భూమిలోని బొగ్గు మీద హక్కును రాజ్యం ఇచ్చేసి, అదే హక్కులో ముక్కను డబ్బు పెట్టి కొనుక్కుంది. వ్యవహారం రచ్చకెక్కి 1888లో బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభ విచారణ కమిటీ వేయాల్సి వచ్చింది. ఈ బేరానికి మధ్యవర్తిగా ఉన్న సర్దార్ అబ్దుల్ హఖ్ పదవి పోగొట్టుకున్నాడు. అయినా సింగరేణి బొగ్గుగా పేరొందిన ఆ ఇల్లెందు బొగ్గు దక్షిణాది రైళ్లకు ప్రాణాధారమైందన్నది కాదనలేని సంగతి. బెంగాల్ నుంచి, ఇంగ్లండు నుంచి ఓడల్లో దిగే బొగ్గుపై ఆధారం తగ్గింది. గని, రైలు ఒకదానికొకటి ఊతమిచ్చి నిజమైన సంపదను సృష్టించాయి. ఆ సంపదలో ఎవరి వాటా ఎంత అన్నదగ్గరే పేచీ.

ఈ రైళ్లు ఏం మోశాయి? లోపలి నుంచి రేవుల వైపు పత్తి, నూనెగింజలు, ముఖ్యంగా నల్లగొండ, పాలమూరు ప్రాంతాల ఆముదాలు. రేవుల నుంచి లోపలికి ఉప్పు, కిరోసిన్, మిల్లు బట్ట. 1901 నాటికి పూర్తయిన హైదరాబాద్–గోదావరి లోయ మీటర్‌గేజ్ లైను నిజామాబాద్, నాందేడ్, జాల్నా మీదుగా మన్మాడ్‌లో బొంబాయి లైనును అందుకుంది. మరాఠ్వాడా పత్తికి అది రాజమార్గం. ఈ మార్పు ఎవరి పొట్ట కొట్టిందో చూడాలంటే లంబాడీల దగ్గరికి వెళ్లాలి. రైలుకు ముందు కోస్తా ఉప్పును దక్కన్‌కూ, దక్కన్ ధాన్యాన్ని కోస్తాకూ చేర్చింది వారి ఎద్దుల బిడారులే. ఎద్దు వీపున రెండు వైపులా వేలాడే గోనెల్లో వంద కిలోల పైచిలుకు బరువు పట్టేది. చిన్న గూడ్సు వ్యాగన్ పది టన్నులు మోస్తుందనుకున్నా, ఒక్క వ్యాగన్ దాదాపు వంద ఎద్దుల పని లాగేసుకున్నట్టు. ఆ ఎద్దుల వెంట నడిచే కుటుంబాలకు ప్రత్యామ్నాయం ఏమిటని ఏ ఒప్పందంలోనూ ఎవరూ ఆలోచించలేదు. తర్వాతి దశాబ్దాల్లో చాలాచోట్ల వారిపై నేరస్థ జాతుల చట్టం ముద్ర పడింది. కొత్త సాంకేతికత పాత వృత్తిని తుడిచేయడం ఎక్కడైనా ఉన్నదే. కానీ బతుకు పోగొట్టి, ఆపైన దొంగలని ముద్ర వేయడం వలస పాలన ప్రత్యేకత.

రైళ్లు దోపిడీకే పనికొచ్చాయన్న జాతీయవాద ఆర్థికవేత్తల వాదనకు ఇటీవలి పరిశోధన ఒక గట్టి సవాలు విసిరింది. డేవ్ డొనాల్డ్‌సన్ 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం రైలు వచ్చిన జిల్లాల్లో వ్యవసాయ నిజ ఆదాయం సుమారు 16 శాతం పెరిగింది. ఊరికీ ఊరికీ మధ్య ధరల తేడా తగ్గింది. ఆ లెక్క నాకు నమ్మదగిందిగానే కనిపిస్తుంది. రైలు ఎవరికీ మేలు చేయలేదనే వాదన ఇక నిలవదు. అయితే సగటు పెరిగితే ఎవరికి పెరిగిందన్నది ఆ అంకె చెప్పదు. కౌలుదారుకా, దొరకా, ఆడ్తీదారుకా? అదీగాక అది రైలు ఉన్న జిల్లానూ రైలు లేని జిల్లానూ పోలుస్తుంది. రైలుకు పోసిన డబ్బును మరోదానిపై పెడితే ఏమయ్యేదన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న అడిగినవాడు తెలుగువారికి బాగా తెలిసిన ఇంగ్లిషు ఇంజినీరే. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన ఆర్థర్ కాటన్, ఈ దేశానికి ముందు కావాల్సింది నీరు, నీటితో పాటే పడవ దారి అని పార్లమెంటు కమిటీ ముందు వాదించాడు. తక్కువ ఖర్చుతో పంటా పండుతుంది, సరుకూ కదులుతుంది అన్నాడు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో వడ్ల పడవలు అందుకు సాక్ష్యం. 1900 వరకు రైళ్లపై దాదాపు 22.5 కోట్ల పౌండ్లు, నీటిపారుదలపై సుమారు 2.5 కోట్ల పౌండ్లు ఖర్చయ్యాయని రమేశ్‌చంద్ర దత్ లెక్కగట్టాడు. కాటన్ వాదన దక్కన్ పీఠభూమికి యథాతథంగా వర్తించదు. ఇక్కడి ఎత్తుపల్లాల్లో పడవల కాలువలు సాగవు. తెలంగాణలో కాలువ స్థానం గొలుసుకట్టు చెరువులది. పౌండ్ల వడ్డీ కింద లండన్‌కు పోయిన సొమ్ములో కొంత ఆ చెరువుల పూడికతీతకు, తూముల మరమ్మతుకు పెట్టి ఉంటే ఎంత సాగు పెరిగేదన్నది లెక్కకు అందే ప్రశ్నే. విశ్వవిద్యాలయాల్లో ఎవరైనా పరిశోధకులు దీన్ని అందుకోవాలి.

కరవుల విషయంలోనూ ఇంతే. 1876–78 మహా క్షామంలో రాయలసీమకు, పొరుగునున్న నిజాం జిల్లాలకు రైలు దగ్గరే ఉంది. ధాన్యం వచ్చింది కూడా. కానీ చేతిలో డబ్బు లేని కూలీకి స్టేషన్లో దిగిన బస్తా ఉండీ లేనట్టే. దేశం నుంచి ధాన్యం ఎగుమతులూ ఆగలేదు. 1880 కరవు కమిషన్ 20,000 మైళ్ల రైలు మార్గాలు కావాలని సూచించింది. ఆ తర్వాత రైలు విస్తరించిన చోట్ల వాన లోటు చావులుగా మారడం తగ్గిందని పరిశోధనలు చెబుతున్నాయి. అంతటి రైలు వ్యవస్థ ఉండగానే 1943లో బెంగాల్‌లో సుమారు 30 లక్షల మంది చనిపోయారు. పట్టాలు ధాన్యాన్ని ఏ దిశలో మోయాలో నిర్ణయించేది ప్రభుత్వమే.

విదేశాలతో పోలిక పెడితే తేడా మరింత స్పష్టమవుతుంది. జపాన్ కూడా మనలాగే లండన్ అప్పుతోనే మొదలుపెట్టింది. 1870లో 9 శాతం వడ్డీకి 10 లక్షల పౌండ్లు తెచ్చి, ఇంగ్లిషు ఇంజినీర్ల చేత టోక్యో షింబాషి నుంచి యొకొహామాకు లైను వేయించింది. అది 1872లో ప్రారంభమైంది, మన వాడి–సికింద్రాబాద్ లైనుకు రెండేళ్ల ముందు. వడ్డీ మనకంటే ఎక్కువ, ఇంజిన్లు అదే ఇంగ్లండువి. కానీ అప్పు ప్రభుత్వానిది, లైను ప్రభుత్వానిది, ఇంజినీరు జీతగాడు. లండన్‌లో చదివొచ్చిన ఇనొవె మసారు నాయకత్వంలో 1880 నాటికి క్యోటో–ఓత్సు మార్గాన్ని, సొరంగంతో సహా, జపాన్ ఇంజినీర్లే పూర్తి చేశారు. 1893లో కోబె వర్క్‌షాపులో తొలి స్వదేశీ ఇంజిన్ తయారైంది. 1906లో ప్రధాన ప్రైవేటు లైన్లను జాతీయం చేశారు. చైనాది ఇంకో దారి. 1911లో చింగ్ ప్రభుత్వం సిచువాన్ లైనును జాతీయం చేసి విదేశీ బ్యాంకుల అప్పుకు ముడిపెట్టబోతే అక్కడి వాటాదారులు, విద్యార్థులు, వర్తకులు తిరగబడ్డారు. ఆ అలజడి అదే ఏడాది అక్టోబరులో మొదలైన విప్లవంలో కలిసి రాజవంశమే కూలింది. హైదరాబాద్‌లో అదే తరహా ప్రశ్న 28 ఏళ్ల ముందే లేచింది. కాకపోతే ఇక్కడ అడిగినవారు గుప్పెడుమంది. వెనక వాటాదారులైన వర్తక వర్గం గానీ, ఓటు గానీ, పత్రికల బలం గానీ లేవు.

జపాన్‌తో పోలికలో నన్ను ఎక్కువగా బాధించేది యంత్ర పరిశ్రమ సంగతి. రైలు మార్గం ఒక దేశానికి చేసే అతిపెద్ద మేలు సరుకు మోయడం కాదు. ఉక్కు, ఫౌండ్రీ, లేత్, ఫిట్టర్, డ్రాఫ్ట్స్‌మన్, ఇలా ఒక నైపుణ్య ప్రపంచాన్ని అది తన చుట్టూ పుట్టిస్తుంది. అమెరికాలో, జర్మనీలో జరిగింది అదే. మన దగ్గర 1895లో అజ్మీర్‌లో, 1899లో జమాల్‌పూర్‌లో ఇంజిన్లు తయారుచేసి చూపించారు. అంటే చేతకాక కాదు. అయినా వేలాది ఇంజిన్లు గ్లాస్గో, మాంచెస్టర్ల నుంచే దిగాయి. పెద్దఎత్తున స్వదేశీ తయారీకి 1950లో చిత్తరంజన్ దాకా ఆగాల్సి వచ్చింది. 1893లో ఏర్పడిన లాలాగూడ వర్క్‌షాపు వేలాది మంది మంచి కార్మికులను తయారుచేసింది, కానీ అది మరమ్మతుల షాపుగానే ఉండిపోయింది. కవాడిగూడలో ప్రాగా టూల్స్ 1943లో మొదలైంది. సనత్‌నగర్ వైపు ఆల్విన్ దానికి ఏడాది ముందు. నగరానికి రైలు వచ్చిన 69 ఏళ్లకు, అదీ ప్రపంచ యుద్ధం వల్ల దిగుమతులు ఆగిపోయాక, ఇక్కడ యంత్రపరికరాల కార్ఖానా వెలిసిందన్నమాట. నైపుణ్యం ముందునుంచీ ఉంది, గిరాకీ ఉంది. ఆ గిరాకీని ఇక్కడి కార్ఖానా వైపు తిప్పే అధికారం లేదు.

ఆ అధికారం కొంతైనా చేతికొచ్చాక ఏం జరిగిందో మూడో దశ చూపిస్తుంది. ఆర్థికమంత్రి అక్బర్ హైదరీ చొరవతో 1930 ఏప్రిల్ 1న రాజ్యం కంపెనీని కొనేసింది. గ్యారంటీడ్ అన్న మాట పోయి నిజాం స్టేట్ రైల్వే మిగిలింది. రెండేళ్లకే, 1932లో, రైల్వే తన కిందే రోడ్డు రవాణా విభాగం ప్రారంభించింది: 27 బస్సులు, 166 మంది సిబ్బంది. బస్సు రైలుకు పోటీ అవుతుందని మిగతా రాష్ట్రాలు కిందామీదా పడుతున్న కాలంలో ఇక్కడ రెంటినీ ఒకే సంస్థ నడిపి, స్టేషన్ లేని ఊళ్లకు బస్సు, బస్సు మోయలేని సరుకుకు రైలు అన్న సమన్వయం తెచ్చింది. నేటి ఆర్టీసీకి మూలం అదే. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ మీదుగా రోజూ తిరిగే వేలమందిలో ఎందరికి ఇది తెలుసో! వరంగల్‌లో 1934లో ఆజంజాహి మిల్లు, బోధన్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ, సిర్పూర్‌లో కాగితం మిల్లు, అన్నీ పట్టాల పక్కనే, రాజ్యం పెట్టుబడితోనో అండతోనో వచ్చాయి. బోధన్‌కు ప్రత్యేకంగా శాఖా మార్గమే వేశారు. 1945లో సింగరేణి వాటాలు సైతం రాజ్యం చేతికొచ్చాయి. వడ్డీగా ఓడెక్కే మిగులు మిల్లుగా, బస్సుగా మారింది.

అలాగని 1930 తర్వాతి హైదరాబాద్‌ను స్వర్ణయుగం అనడం సరికాదు. రైల్వే అప్పటికి నిలదొక్కుకున్న సంస్థ. లాభాల్లో కొంత కాలమహిమ కూడా ఉంది. అంతకంటే ముఖ్యం, రైలు రాజ్యానికి దక్కినా ఆ రాజ్యం ప్రజలది కాదు. ఆముదాలకు ధర వస్తే అది దేశ్‌ముఖ్ గరిసెలోకి, వర్తకుడి గల్లాపెట్టెలోకి పోయింది. స్టేషన్ దాకా బస్తా మోసిన వెట్టివాడికి కూలి లేదు. 1946లో సాయుధ పోరాటానికి కారణమైన భూమి సమస్యను పట్టాలేవీ తాకలేదు. ప్రభుత్వ యాజమాన్యం అవసరం, కానీ దానంతట అదే చాలదు.

ఈ చరిత్రను ఇవాళ్టి విధానాలకు అన్వయించక తప్పదు. చిక్కడపల్లి, నారాయణగూడ మీదుగా వెళ్లే మెట్రో మార్గం 2020 ఫిబ్రవరిలో మొదలైంది. ప్రైవేటు భాగస్వామ్యంతో కట్టిన ఆ తొలి దశను, సుమారు 13,000 కోట్ల రూపాయల అప్పుతో సహా తీసుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం 2025 సెప్టెంబరులో సూత్రప్రాయంగా అంగీకరించింది. 1883 ఒప్పందంతో దీన్ని సమానం చేయలేం. కంపెనీ ఈ దేశానిది, ప్రభుత్వం ఎన్నికైనది, వడ్డీకి హామీ కూడా లేదు. కానీ ప్రాజెక్టు గిట్టుబాటు కాకపోతే భారం చివరికి ఎవరి మీద పడుతుందన్న ప్రశ్నకు జవాబు రెండుసార్లూ ఒక్కటే అయింది. అలాంటప్పుడు అఘోరనాథ్ అడిగిన దానికంటే తక్కువ మనం అడగకూడదు. అప్పు మదింపు, వాటా ధర లెక్కగట్టిన పద్ధతి, భూముల వాణిజ్య అభివృద్ధి నుంచి వచ్చిన రాబడి, అన్నీ శాసనసభ ముందు పెట్టాలి. రెండో దశకు ఏ రూపంలో ప్రైవేటు డబ్బు వచ్చినా, నష్టభయం ఖజానాదైతే వడ్డీ ప్రభుత్వ అప్పు స్థాయిలోనే ఉండాలన్న నిబంధన కావాలి. 1932లో సాధ్యమైన బస్సు–రైలు సమన్వయం ఇప్పుడూ జరగాలి. ఒకే టికెట్‌తో సిటీ బస్సు, మెట్రో, ఎంఎంటీఎస్ మూడూ ఎక్కే వెసులుబాటు సామాన్య ప్రయాణికుడికి కావాలి.

మెట్రో అప్పుల సంగతైతే, కాజీపేట సంగతి తయారీకి సంబంధించింది. 1980ల్లో చేజారి కపుర్తలాకు పోయిన కోచ్ ఫ్యాక్టరీ కోసం వరంగల్ ప్రజలు తరం పాటు అడిగారు. పునర్విభజన చట్టంలోనూ దాని సాధ్యాసాధ్యాల పరిశీలన ప్రస్తావన ఉంది. చివరికి 2023 జులైలో కాజీపేటలో వ్యాగన్ తయారీ యూనిట్‌కు శంకుస్థాపన జరిగింది. సంతోషమే. అయితే షెడ్డు కట్టి, బయటి నుంచి వచ్చిన విడిభాగాలను బిగించి పంపితే అది ఇంకో లాలాగూడ అవుతుంది. ఇరుసులు, బ్రేకు సామగ్రి, స్ప్రింగులు, కాస్టింగుల్లో ఎంత భాగం తెలంగాణ చిన్న ఇంజినీరింగ్ యూనిట్ల నుంచి కొంటారో, ఐటీఐ పిల్లలను ఎందరిని అప్రెంటిస్‌లుగా తీసుకుంటారో, ఐదేళ్లలో ఆ వాటా ఎంతకు పెరగాలో రైల్వే శాఖ ఉత్పత్తి మొదలయ్యేలోగా రాతపూర్వకంగా ప్రకటించాలి. ఏటా ఆ అంకెలను పార్లమెంటు ముందు ఉంచాలి.